అస్టానిషింగ్: ఒక ఇంగ్లిష్ విశేషణం, కోలారు గనుల సాక్ష్యం

అస్టానిషింగ్ అనేది మనిషిని కాసేపు కదలనివ్వనంత ఆశ్చర్యాన్ని చెప్పే ఇంగ్లిష్ విశేషణం. ఉరమడం అని అర్థమిచ్చే లాటిన్ ధాతువు నుంచి, పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఒకప్పుడు దెబ్బకు దిమ్మ తిరగడాన్నీ దీని మూలమైన అస్టానిష్ అనే క్రియతోనే చెప్పేవారు. సుమారు 1599 నాటి షేక్‌స్పియర్ నాటకం ‘హెన్రీ ది ఫిఫ్త్’లో ఫ్లుయెలెన్ చేతిలో పిస్టల్ అనేవాడు తన్నులు తింటుంటే గవర్ అనే పాత్ర ఈ మాటే వాడుతుంది, అక్కడ ఆశ్చర్యం ఊసే లేదు. మన నిర్ఘాంతపోవడం దీనికి దగ్గరి మాట, నిర్ఘాతమంటే పిడుగుపాటే కదా. వాడుకలో ఈ ఉరుము అరిగిపోయి, పెద్దదైన ప్రతిదానికీ ఈ విశేషణాన్ని తగిలిస్తున్నారు. పరిమాణం వేరు, అనుకోకపోవడం వేరు. ఈ మాట బలమంతా రెండోదానిలోనే ఉంది.

కోలారు బంగారు గనుల చరిత్ర ఈ తేడాను తేటగా చూపిస్తుంది. కోరమండల్, ఊరిగాం, ఛాంపియన్ రీఫ్, మారికుప్పం పేటల కింద 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ అడుగుపెట్టినప్పటి నుంచి 2001లో గనులు మూతపడేదాకా తవ్వకం సాగింది. ఛాంపియన్ రీఫ్‌లో లోతు 3 కిలోమీటర్లు దాటింది. 1902లో శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల తీగ మీద ఇక్కడికి కరెంటు వచ్చింది. రెండూ ఘనకార్యాలే, కానీ లెక్క వేసి, ఖర్చు పెట్టి, తెలిసి సాధించినవి. రాక్ బరస్ట్ అలాంటిది కాదు. లోతులో ఒత్తిడికి గురైన బండ ఉన్నట్టుండి పేలి, సొరంగం గోడలు ముక్కలై లోపలికి ఎగజిమ్ముతాయి. పెద్దవైతే పైన ఊళ్లోని ఇళ్లూ అదిరేవి. మైసూరు భూగర్భ శాస్త్రవేత్త స్మీత్ 1904లోనే వీటి మీద ఒక బులెటిన్ రాశాడు, అప్పట్లో ఎయిర్ బ్లాస్ట్ అనేవారు. అస్టానిషింగ్ అన్న విశేషణానికి పాత అర్థంలోనూ కొత్త అర్థంలోనూ తగినది ఇదే.

మాట పుట్టుక దాని నేటి అర్థాన్ని శాసించదని ఎవరైనా అనవచ్చు. నిజమే, అందుకే ఇక్కడ ధాతువు కాదు, అనూహ్యతే కొలత. తరచూ జరిగే పేలుడులో అనూహ్యమేముంది అన్నది ఇంకాస్త గట్టి అభ్యంతరం. బండ పేలుతుందని కార్మికులకు తెలుసు, అందుకే తవ్విన చోట గ్రానైట్ దిమ్మెలు కట్టేవారు. ఏ షిఫ్టులో, ఏ మూల పేలుతుందన్నది మాత్రం తెలిసేది కాదు. ఇక మొదటిసారి చూసేవాడికి ఆ లోతే నిర్ఘాంతం కలిగిస్తే తప్పేమీ లేదు. విశేషణం వస్తువుకు తగిలించినా చెప్పేది చూసేవాడి స్థితినే. అందుకే ఈ విశేషణానికి జంట రూపం ఉంది: గని అస్టానిషింగ్, చూసినవాడు అస్టానిష్డ్. తెలుగువాళ్లు ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు తరచూ తారుమారు చేసేది ఈ జంటనే.