లోటస్ ఫిల్మ్ కంపెనీ (1922-24): పేరు, గుర్తు, విస్మృతి

కీలక పదాలు: మూకీ చిత్రాలు, హైదరాబాదు, ధీరేంద్రనాథ్ గంగూలీ, సంస్థా చిహ్నం, రాజపోషణ

ఉపోద్ఘాతం

ఎల్‌బీ నగర్ కూడలి దాటి విజయవాడ రహదారి వెంట సాగితే, 1996లో నెలకొన్న రామోజీ ఫిల్మ్ సిటీ వస్తుంది. నగరానికి తూర్పున ఉన్న ఈ చిత్రనగరి గురించి తెలియనివారు అరుదు. హైదరాబాదు సినీచరిత్రను వెనక్కి తవ్వేవారు సాధారణంగా అమీర్‌పేటలోని సారథి స్టూడియో దగ్గర ఆగుతారు. అయితే అంతకు మూడు దశాబ్దాల ముందే, మూకీల కాలంలో, ఈ నగరంలో ఒక స్వతంత్ర చిత్రనిర్మాణ సంస్థ పనిచేసింది. అదే లోటస్ ఫిల్మ్ కంపెనీ. రెండేళ్లలోనే అంతరించిన ఆ సంస్థ చరిత్రను, దాని పేరులోని చిహ్నస్వభావాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశ్యం.

స్థాపకుడు - స్థాపన

లోటస్ స్థాపకులు ధీరేంద్రనాథ్ గంగూలీ (1893-1978). శాంతినికేతన్‌లో చదివిన ఆయన నిజాం రాజ్యంలో చిత్రలేఖనం బోధించారు. రకరకాల వేషాలలో తన ముఖాన్నే ఛాయాచిత్రాలుగా తీసుకొని పుస్తకంగా వెలువరించారు. ఆ కృషే ఆయనను సినిమా వైపు నడిపించింది. 1918లో కలకత్తాలో ఇండో-బ్రిటిష్ ఫిల్మ్ కంపెనీ స్థాపనలో ఆయన భాగస్వామి. పాశ్చాత్య వ్యామోహాన్ని పరిహసించిన ‘బిలాత్ ఫేరత్’ (1921) ఆయనకు పేరు తెచ్చింది.

1922లో హైదరాబాదుకు తిరిగివచ్చి, నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆదరణతో లోటస్‌ను నెలకొల్పారు. చిత్రాలను నిర్మించడమే కాక, వాటి ప్రదర్శనకు థియేటర్లను కూడా ఏర్పరచుకున్నారు. ‘ఇంద్రజిత్’, ‘హర గౌరి’, ‘యయాతి’ వంటి పౌరాణికాలతో పాటు ‘లేడీ టీచర్’, ‘మ్యారేజ్ టానిక్’ వంటి సాంఘిక హాస్యచిత్రాలూ ఈ సంస్థ నుంచి వెలువడ్డాయి. ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే ప్రజలున్న రాజ్యంలో మూకీ చిత్రానికి భాష అడ్డుకాలేదు.

పేరే గుర్తు

మూకీల కాలంలో సంస్థా చిహ్నం అలంకారం మాత్రమే కాదు, యాజమాన్య ముద్ర కూడా. దొంగ ప్రతులను అరికట్టడానికి ఫ్రాన్సులోని పాథే సంస్థ తన కోడిపుంజు గుర్తును, అమెరికాలోని బయోగ్రాఫ్ ‘ఏబీ’ అక్షరాలను చిత్రీకరణ జరిగే సెట్లలోనే తగిలించేవి. అక్షరం రాని ప్రేక్షకుడికి కూడా బొమ్మ చూడగానే సంస్థ ఏదో తెలిసేది. ఈ దృష్టితో చూస్తే ‘లోటస్’ అన్న పేరు గమనార్హం. అది వ్యక్తి పేరు కాదు, ఊరి పేరు కాదు. వినగానే రూపం కట్టే పదం. అదే కాలంలో మద్రాసులో రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ నడిపిన సంస్థకు ‘స్టార్ ఆఫ్ ది ఈస్ట్’ అని పేరు. ఒకటి తామర, మరొకటి తార. రెండూ గీయడానికి వీలైన పేర్లే. చిత్రకారుడైన గంగూలీ విషయంలో ఈ ఎంపిక మరింత సహజం.

పతనం

1924లో గంగూలీ హైదరాబాదులో ‘రజియా బేగం’ చిత్రాన్ని ప్రదర్శించారు. ముస్లిం రాణికి హిందువుతో ప్రేమను చూపిన ఆ కథ ప్రభువుకు ఆగ్రహం కలిగించింది. రాజ్యం విడిచి వెళ్లవలసిందిగా గంగూలీకి ఆజ్ఞ అయింది. దానితో లోటస్ కథ ముగిసింది.

బ్రిటిష్ ఇండియాలో 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని అనుసరించి 1920లో సెన్సారు బోర్డులు ఏర్పడ్డాయి. అక్కడ నిషేధం సాధారణంగా ఒక చిత్రానికి పరిమితమయ్యేది. లోటస్ విషయంలో శిక్ష చిత్రంతో ఆగక సంస్థకే తగిలింది. నిర్మాణం, ప్రదర్శన రెండూ ఒకే ప్రభువు దయపై నిలిచినందున, ఆ దయ తొలగగానే రెండూ ఒక్కసారిగా కూలాయి. వనరుల కోసం ఆశ్రయించిన రాజపోషణే సంస్థ స్వతంత్రతకు హద్దు గీసింది.

గుర్తు నిలవడం, నిలవకపోవడం

1931లో కలకత్తాలో ఏర్పడిన న్యూ థియేటర్స్ ఏనుగు, తెలుగునాట విజయా సంస్థ కపిధ్వజం తరాల పాటు ప్రేక్షకుల మనస్సులో నిలిచాయి. అందుకు బొమ్మ అందం ఒక్కటే కారణం కాదు. చిత్రం తరువాత చిత్రం ఊరూరా ఆడుతూ అదే గుర్తును మళ్లీ మళ్లీ చూపడమే అసలు కారణం. లోటస్‌కు ఆ పునరావృత్తి దక్కలేదు. భారతీయ మూకీలలో అత్యధిక భాగం నశించిపోవడం విస్మృతిని మరింత గాఢం చేసింది. గంగూలీ మాత్రం కలకత్తాలో మళ్లీ నిలదొక్కుకొని, 1929లో బ్రిటిష్ డొమినియన్ ఫిల్మ్స్ స్థాపించారు. తరువాతి కాలంలో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు. వ్యక్తికి దక్కిన గౌరవం ఆయన హైదరాబాదు సంస్థకు దక్కలేదు.

ముగింపు

సారథి స్టూడియోలో రూపొందిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో విడుదలైంది. పూర్తిగా హైదరాబాదులో నిర్మితమైన తొలి తెలుగు చిత్రంగా దానికి పేరుంది. లోటస్ మూతపడినప్పటికీ, ఈ చిత్రానికీ మధ్య 35 ఏళ్ల ఎడం. లోటస్‌ను కూడా లెక్కలోకి తీసుకుంటే హైదరాబాదు సినీచరిత్ర మద్రాసు నుంచి తరలివచ్చిన పరిశ్రమతో మొదలుకాదు. ఇక్కడే మొలకెత్తి, ఇక్కడే తెగిపోయిన ప్రయత్నంతో మొదలవుతుంది. ఒక సంస్థ గుర్తు జనం జ్ఞాపకంలో లేదంటే ఆ సంస్థ అల్పమైనదని అర్థం కాదు. గుర్తు వేళ్లూనుకోవడానికి కావలసిన కాలాన్ని అధికారం దానికి ఇవ్వలేదని మాత్రమే అర్థం.