బొటనవేలి కొలతకు మీట: స్మార్ట్‌ఫోన్ కీబోర్డు రూపకల్పన చరిత్ర

2007 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐఫోన్‌ను పరిచయం చేస్తూ స్టీవ్ జాబ్స్ అప్పటి స్మార్ట్‌ఫోన్ల మీద ఒక అభియోగం మోపాడు. అవసరం ఉన్నా లేకున్నా వాటి కింది భాగాన్ని ప్లాస్టిక్ మీటలు ఆక్రమించి ఉంటాయని, ఒకసారి తయారైన మీటను తరువాత మార్చడం సాధ్యం కాదని దాని సారాంశం. స్మార్ట్‌ఫోన్ చరిత్రను చెప్పే రచనలు తరచుగా ఈ సన్నివేశాన్నే మలుపుగా తీసుకొని, భౌతిక కీబోర్డును ఓడిపోయిన పాత పద్ధతిగా తేల్చివేస్తాయి. గెలిచినవారి వాదాన్నే చరిత్రగా స్వీకరించడం వల్ల ఒక ప్రశ్న మరుగున పడుతుంది. మారకపోవడమే లోపమైతే, అంతకుముందు దాదాపు పదేళ్ళపాటు ఆ మీటలకే అంత ఆదరణ ఎందుకు లభించింది?

క్వర్టీ వరుస 1874లో అమ్మకానికి వచ్చిన షోల్స్–గ్లిడెన్ టైపురైటరు నుంచి సంక్రమించింది. అది బల్లమీద ఉంచి, రెండు చేతులతో పనిచేయించే యంత్రం. 1996లో వచ్చిన నోకియా 9000 కమ్యూనికేటర్‌ను పుస్తకంలా విప్పితే లోపల పూర్తి కీబోర్డు కనిపించేది. అయినా అది కుదించిన కంప్యూటరే. టైపురైటరు ఊహను దాటలేదు. అసలు మార్పు కెనడాలోని వాటర్లూ పట్టణంలో జరిగింది. మైక్ లజరిడిస్, డగ్లస్ ఫ్రెగిన్ 1984లో స్థాపించిన రీసెర్చ్ ఇన్ మోషన్ సంస్థ 1998లో తెచ్చిన 950 పేజరు, 1999లో తెచ్చిన బ్లాక్‌బెర్రీ 850 పరికరాలు వేళ్ళను పక్కనపెట్టి రెండు బొటనవేళ్ళను మాత్రమే లెక్కలోకి తీసుకున్నాయి.

ఈ నిర్ణయం చిన్నదిగా కనిపించినా, రూపకల్పన అంతా దానిమీదనే నిలిచింది. పరికరాన్ని రెండు అరచేతుల్లో పట్టుకున్నప్పుడు నాలుగేసి వేళ్ళు వెనుక ఆనుగా ఉంటాయి. బొటనవేళ్ళు మాత్రమే ముందువైపు స్వేచ్ఛగా కదులుతాయి. అవి నిటారుగా దిగవు, పక్కల నుంచి ఏటవాలుగా వస్తాయి. అందుకే మీటలను కోలగా మలచి, ఎడమ సగంలోని వాటిని ఒక వైపుకు, కుడి సగంలోని వాటిని మరో వైపుకు వంచారు. బొటనవేలు మీట కన్నా వెడల్పైనది. చదునైన మీటలను పక్కపక్కన పేర్చితే ఒకటి నొక్కబోయి రెండు నొక్కడం తప్పదు. ఉబ్బెత్తు మీటకు శిఖరం ఉంటుంది కనుక, చర్మం పక్క మీటలకు తగిలినా ఒత్తిడి ఒక్కదాని మీదే పడుతుంది. వేలు తన స్థానాన్ని స్పర్శతోనే తెలుసుకుంటుంది. కన్ను తెరమీదనే నిలుస్తుంది. జాబ్స్ లోపంగా చూపిన స్థిరత్వమే ఇక్కడ గుణం. మీట చోటు మారదు కనుకనే వేలు దానిని గుర్తుపెట్టుకోగలిగింది. ఈ గింజల వరుస పండును తలపించడం వల్లనే, పేర్లు పెట్టడమే వృత్తిగా గల లెక్సికన్ సంస్థ దీనికి బ్లాక్‌బెర్రీ అనే పేరు సూచించింది.

బొటనవేళ్ళకు అనువుగా తీర్చిన కీబోర్డుపై 2001లో అమెరికా పేటెంటు లభించింది. దాని బలంతో ఆ సంస్థ 2002లో ట్రియో ఫోన్ల తయారీదారు హ్యాండ్‌స్ప్రింగ్‌పై దావా వేసింది. అదే ఏడాది అనుమతి ఒప్పందంతో వివాదం ముగిసింది. పన్నెండేళ్ళ తరువాత, అప్పటికే మార్కెట్టులో వెనుకబడిన దశలో, ఐఫోన్‌కు తొడుగులా తగిలించే టైపో అనే మీటల పలకపై కూడా అదే సంస్థ కోర్టుకు వెళ్ళి తాత్కాలిక నిషేధం సాధించింది. ఫోన్ల అమ్మకాలు పడిపోయిన తరువాత కూడా మీటల ఆకృతిని అది ఆస్తిగా కాపాడుకుంది.

2004లో 7100 శ్రేణితో వచ్చిన షూర్‌టైప్ పద్ధతి ఈ చరిత్రలో తగినంత చర్చకు రాని ఘట్టం. ఫోను వెడల్పు తగ్గించడానికి 35 మీటల స్థానంలో 20 మాత్రమే ఉంచి, చాలా మీటలకు రెండేసి అక్షరాలు కేటాయించారు. ఏ అక్షరం ఉద్దేశించారో పదకోశం సహాయంతో యంత్రమే ఊహించేది. పూర్తి కీబోర్డుకు తెలిసింది లిపి మాత్రమే. నొక్కిన అక్షరాన్ని అది ఉన్నదున్నట్టు ఇస్తుంది. షూర్‌టైప్‌కు భాష కూడా తెలిసి ఉండాలి.

ఈ భేదం తెలుగువారికి నేరుగా వర్తిస్తుంది. 1990ల ఇంటర్నెట్టు చర్చావేదికల నాటికే తెలుగును రోమన్ అక్షరాలలో రాయడానికి రైస్ విశ్వవిద్యాలయం పేరుతో ఆర్‌టీఎస్ పద్ధతి ఏర్పడి ఉంది. ఆ అలవాటున్నవారికి పూర్తి కీబోర్డు అడ్డు చెప్పదు. ఇంగ్లీషు పదకోశం మీద ఆధారపడిన ఊహాపద్ధతి మాత్రం “వస్తున్నాను” అన్న మాటను రోమన్ లిపిలో కొట్టబోతే దానిని తనకు తెలిసిన మరో మాటగా మార్చే ప్రమాదం ఉంది. ఇంగ్లీషు కోసం చెక్కిన మీటలు, ఇంగ్లీషు తెలిసిన పద్ధతి కన్నా తెలుగుకు ఎక్కువ చోటిచ్చాయి.

అయితే ఆ చోటు తెలుగు లిపికి దక్కలేదు. అరబ్బీ, రష్యన్ లిపులు చెక్కిన బ్లాక్‌బెర్రీలు వచ్చాయి. 28 అక్షరాలనో 33 అక్షరాలనో ఆ పలకమీద సర్దవచ్చు. తెలుగుకు యాభైకి పైగా వర్ణాలు, వాటితోపాటు గుణింతపు గుర్తులు కావాలి. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఇస్కీ ప్రమాణంతోపాటు ఇచ్చిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులు ఎడమవైపు, హల్లులు కుడివైపు ఉంటాయి. రెండు చేతులకు పని పంచే ఈ విభజన, సిద్ధాంతరీత్యా, రెండు బొటనవేళ్ళకూ నప్పేదే. కాని అది కంప్యూటరు కీబోర్డులోని అంకెల వరుసను, విరామచిహ్నాల మీటలను కూడా వాడుకుంటుంది. ఫోనులో ఆ వరుసలు లేవు. ఉన్న మీట మీద అప్పటికే ఒక రోమన్ అక్షరం, ఒక అంకెనో చిహ్నమో ఉన్నాయి. గింజంత జాగాలో మరో రెండు తెలుగు వర్ణాలు చెక్కితే చదవడం కష్టం.

ఐఫోన్ తరువాతి సంధికాలం మరింత చిక్కుగా సాగింది. 2008లో బ్లాక్‌బెర్రీ స్టార్మ్ మొత్తం తెరనే ఒక పెద్ద మీటగా మార్చి, నొక్కితే టిక్కుమనేలా చేసింది. వాడినవారిని అది మెప్పించలేదు. అదే ఏడాది వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోను జీ1కు తెరమీద కీబోర్డే లేదు. ఒక్క మాట రాయాలన్నా తెరను పక్కకు జరిపి, కింది మీటలను బయటికి తీయవలసివచ్చేది. 2009 ఏప్రిల్‌లో విడుదలైన ఆండ్రాయిడ్ 1.5 తెర కీబోర్డును చేర్చడమే కాక, ఇతరులు రాసిన కీబోర్డులకు కూడా తలుపు తెరిచింది. లిపుల దృష్టితో చూస్తే ఐఫోన్ ఆవిష్కరణ కన్నా ఇదే పెద్ద మలుపు. ఆపిల్ అలాంటి అనుమతిని 2014లో గాని ఇవ్వలేదు. ఆండ్రాయిడ్‌లోనైనా, తెలుగు ఒత్తులను తెరమీద సరిగా కూర్చడం ఇంకొంతకాలం విడి సమస్యగానే మిగిలింది.

2014లో వచ్చిన బ్లాక్‌బెర్రీ పాస్‌పోర్ట్‌లో మీటలు మూడు వరుసలకు కుదించుకుపోయాయి. షిఫ్ట్ మీట, చిహ్నాలు తెరమీదికి వెళ్ళాయి. మీటల ఉపరితలం వేలి జారుడును కూడా గ్రహించేది. టీసీఎల్ సంస్థ తయారుచేసిన కీ2 2018లో వెలువడింది. పాత బ్లాక్‌బెర్రీ ఫోన్లకు సేవలు 2022 జనవరి 4న నిలిచిపోయాయి. ఈలోగా తెలుగు అక్షరాలను నేరుగా పరిచే తెర కీబోర్డులు వచ్చాయి. రోమన్‌లో కొడితే తెలుగు చేసి ఇచ్చేవీ వచ్చాయి. ఈ రెండో రకంలో వేళ్ళు ఇప్పటికీ 1874 నాటి వరుసమీదనే తిరుగుతున్నాయి.