సాగునీటి నిర్వహణపై పురుషుల వలస ప్రభావం (నేపాల్)

నేపాల్ గ్రామాల నుండి పురుషులు భారతదేశానికి, మలేషియాకు, గల్ఫ్ దేశాలకు ఉపాధి కొరకు వలస వెళ్ళడం వలన సాగునీటి పనులు క్రమంగా స్త్రీల చేతికి వచ్చాయి. జనగణన ప్రకారం స్త్రీ యజమానిగా ఉన్న కుటుంబాలు 2001లో సుమారు 15 శాతం, 2011లో 26 శాతం, 2021లో 31 శాతానికి పైగా ఉన్నాయి. అయితే నీటిపై నిర్ణయాధికారం అదే వేగంతో వారికి చేరలేదు.

పనులలో మార్పు

నేపాల్‌లో రైతులే నిర్మించి నడుపుకొనే కాలువలు అనేకం ఉన్నాయి. పూడిక తీయడం, గండ్లు పూడ్చడం, వంతు ప్రకారం నీరు కట్టుకోవడం సంప్రదాయంగా పురుషుల పనులు. నాగలి పట్టడం కూడా స్త్రీలకు నిషిద్ధంగా ఉండేది. భర్త దూరదేశంలో ఉన్నప్పుడు భార్య కూలికి మనిషిని పెట్టుకోవాలి, లేదా ఒకరి పొలంలో మరొకరు పనిచేసే "పర్మా" పద్ధతిని ఆశ్రయించాలి. అన్నిటికంటే కష్టమైనది రాత్రి వంతు. చంటిబిడ్డను ఇంట్లో వదలి అర్ధరాత్రి మడవ దగ్గర కాపలా ఉండడం ఎవరికైనా కష్టమే. కాపలా లేకపోతే ఎగువ రైతు నీటిని మళ్ళించుకుంటాడు.

ఛత్తీస్ మౌజా

రూపందేహి జిల్లాలో తినావు నది నీటితో సుమారు 3,500 హెక్టార్లకు నీరందించే ఈ వ్యవస్థ పేరుకు "ముప్పై ఆరు గ్రామాలు" అని అర్థం. మార్గరీట్ జ్వార్తెవీన్, న్యూపానే ఇక్కడ జరిపిన అధ్యయనం 1996లో వెలువడింది. రైతుల సంఘంలో స్త్రీలు దాదాపు పాల్గొనలేదు. అయినా స్త్రీలు నడిపే కుటుంబాలు తమ వాటా కంటే తక్కువ శ్రమను ఇచ్చి కూడా నీరు పొందగలిగాయి. ఇది స్త్రీలకు లాభమేనని తోచవచ్చు. కాని ఇలా అందే నీరు ఇరుగుపొరుగు సర్దుబాటుపై ఆధారపడినది, హక్కుగా అడగదగినది కాదు. శ్రమ ఎగ్గొట్టేవారని వారిపై నింద కూడా పడుతుంది.

చట్టాలు

నేపాల్ 2003 సాగునీటి విధానం నీటి వినియోగదారుల సంఘాల కార్యవర్గాలలో కనీసం 33 శాతం స్త్రీలు ఉండాలని నిర్దేశించింది. పేర్లు నమోదైనంత మాత్రాన సమావేశంలో మాట చెల్లుతుందని చెప్పలేము.

తెలుగునాట

ఆంధ్రప్రదేశ్ 1997 చట్టంతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలలో సభ్యత్వం ప్రధానంగా భూమి రికార్డును అనుసరించింది. పట్టా భర్త పేరున ఉంటే సేద్యం చేసే భార్యకు ఓటు లేదు. గల్ఫ్ వలసలు అధికంగా ఉన్న ఉత్తర తెలంగాణలో బావులు, బోర్లే ముఖ్యాధారం. అక్కడ కాలువ వంతుకు బదులు కరెంటు వేళలు స్త్రీలకు సమస్య అయ్యాయి. 2018 జనవరిలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలుకాక ముందు, రాత్రి కరెంటు వచ్చినపుడు మోటారు వేయడానికి పొలానికి వెళ్ళవలసి వచ్చేది.