వీడియో ఆటలకు క్రీడా బహుమానము



తెరమీద వ్రేళ్లతో నాడెడి బంతియాటయు క్రీడయేనా? ఈ ప్రశ్న నేడు మన యిండ్లలో దినదినము పుట్టుచున్నది. పిల్లవాడు సెల్‌ఫోను చేతబట్టి క్రికెట్టు ఆడుచున్నాననును. తల్లి అది ఆట కాదనును. ఇట్టి ప్రశ్ననే లండను నగరమునందలి యొక విద్వత్సభ బహుమాన రూపమున కొన్నేండ్లు విచారించినది. ఆ బహుమానముయొక్క చరిత్రమే నేటి ప్రసంగ విషయము.

తెరపై యాటలకు క్రీడానుకరణము తొలినాటినుండియు గలదు. 1958వ సంవత్సరమున అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలయందు విలియం హిగిన్‌బాథమ్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు, చూడవచ్చినవారి వినోదార్థమై, చిన్న తెరపై టెన్నిసు ఆటను కల్పించెను. 1972లో అటారీ సంస్థవారి 'పాంగ్' అను బల్లబంతియాట లోకమున వ్యాపించెను. రెండు గీతలు, ఒక చుక్క—అంతియే దాని రూపము.

బ్రిటిష్ అకాడమీ, అనగా బాఫ్టా, 1947లో చలనచిత్ర కళకై స్థాపితమైన సభ. మిట్జీ కన్‌లిఫ్ అను శిల్పిని 1955లో రూపించిన ముఖాకృతియే దాని బహుమానచిహ్నము. ఆ సభవారు 1998 నుండి కంప్యూటరు కృతులకును బహుమానము లొసగసాగిరి. ఆ పిమ్మట క్రీడల కొక ప్రత్యేక విభాగ మేర్పడెను. బహుమానము ఆటను నిర్మించినవారికే గాని ఆడినవారికి గాదు.

ఇచట మన తర్కశాస్త్రము జ్ఞప్తికి వచ్చుచున్నది. లక్షణమునకు అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము అని దోషములు మూడు. కపిలవర్ణము గలది గోవనినచో తెల్లయావు వెలియగును. కొమ్ములు గలది గోవనినచో బఱ్ఱెయు లోపల జొచ్చును. ఒంటిగిట్ట గలది గోవనుట అసంభవము. గంగడోలు గలదియే గోవు. మఱి క్రీడకు గంగడోలు ఏది?

2006లో బహుమానము 'ఫైట్ నైట్ రౌండ్ 3' అను ముష్టియుద్ధపు ఆటకు లభించెను. 2007లో 'వీ స్పోర్ట్స్' దానిని పొందెను. అందు ఆడువాడు చేతిలోని సాధనమును నిజముగా విసరవలయును. శరీర చలనమే యచట ప్రధానము. 2009లో కార్ల పందెమునకు, 2010లో 'ఫిఫా 10' అను కాలిబంతియాటకు, 2011లో మరల కార్ల పందెమునకు బహుమానములు చెల్లినవి. 2012, 2014 సంవత్సరములందును ఫిఫాదే గెలుపు. ఆ ఆట ఏటేట క్రొత్త అంకెతో వెలువడుచు, మైదానమును, ఆటగాండ్ర ముఖములను ఉన్నవి యున్నట్లు చూపుట తన ఘనతగా నెంచినది.

నడుమ 2013లో నొక విశేషము జరిగెను. విభాగమునకు నాడు 'క్రీడలు, వ్యాయామము' అని పేరు. 'ఫిఫా 13' పోటీలో నుండగనే, ప్రధానముగా సైమన్ రీడ్ అను నొక్కని కృషితో రూపొందిన 'న్యూ స్టార్ సాకర్' అను చిన్న ఆట గెలిచెను. అందు బొమ్మల వైభవము లేదు. ఒక యువకుడు ఆటగాడై, శిక్షకునితోను, తోడివారితోను పొత్తు నిలుపుకొనుచు, అదను దొరకిన క్షణమున గురిచూచి బంతి దన్నవలయును. వేషము గాక భావమే యచట ఫలించినది.

2015లో లండనువారి 'ఆలీఆలీ' అను చక్రపు పలకయాట గెలిచెను. 2016లో కార్లే బంతిని గుద్దు 'రాకెట్ లీగ్' గెలిచెను. మామూలు మైదానములందు కానరాని క్రీడ యది! ముష్టియుద్ధము మొదలు కార్ల బంతియాటవరకు ఇముడ్చుకొనిన లక్షణమునకు అతివ్యాప్తి దప్పునా? 2017 నాటి జాబితాలో క్రీడావిభాగమే కానరాదు.

నా తలపున క్రీడకు గంగడోలు బిగువు: నియమమునకు లోబడి, ఓటమికి వెఱవక, అదనెఱిగి చేయు సాహసము. అది తెరపైనను కొంత పట్టువడునని న్యూ స్టార్ సాకర్ చాటినది. కాని మా పాములపాటి బయళ్లలో చెడుగుడాడు బాలుడు ఒక్క ఊపిరితో కూతబెట్టుచు ఎదిరిబరి జొచ్చును. ఊపిరి తెగిన ఓడును. ఆ ఊపిరి ఏ తెరకును రాదు.

కావున తల్లిదండ్రులారా, తెరను శత్రువుగా జూడవలదు, బయలును మఱవనీయవలదు. సాయంకాలము కూతబెట్టిన బాలుడే రేపు తన చెడుగుడునకు తెరరూప మొసగవచ్చును. ఒక్కని కృషి కొండంత సంస్థను గెలిచిన కథ వింటిమి గదా!