ప్రసాదం కాదంటామా?

2002 అక్టోబరులో వాషింగ్టన్ చుట్టుపక్కల పనిచేసిన మనవాళ్ళని ఎవర్ని కదిపినా స్నైపర్ రోజుల గురించి కథలు కథలుగా చెప్తారు. పెట్రోలు కొట్టించుకుంటూ కారు చాటున నక్కడం, పార్కింగ్ లో వంకరటింకరగా పరిగెత్తడం, పిల్లల్ని స్కూళ్ళలో ఆటలకి బయటికి వదలకపోవడం... 2 నుంచి 24వ తేదీ దాకా, మూడు వారాల్లో 10 మంది చనిపోయారు, ముగ్గురు గాయపడ్డారు. చనిపోయినవాళ్ళలో మన దేశం నుంచి వెళ్ళిన టాక్సీ డ్రైవరు కూడా ఒకాయన ఉన్నాడు.

అదే 10 అంకె మా జిల్లాకీ ఉంది. దాన్ని మాత్రం ఎవరూ తల్చుకోరు.

మాది ద్వారకా తిరుమల. చిన్న తిరుపతి ప్రసాదం తెచ్చి చేతిలో పెడితే కళ్ళకద్దుకుని నోట్లో వేసుకోవడమే మాకు తెలుసు. ఎవరిచ్చారు, ఎక్కడిది అని అడిగితే తప్పు. 2019 నవంబరులో అప్పటి పశ్చిమ గోదావరి ఎస్పీ నవదీప్ సింగ్ గ్రేవాల్ ఏలూరులో బయటపెట్టిన కేసు ఈ నమ్మకం మీదే నడిచింది. పోలీసులు చెప్పినదాని ప్రకారం 2018 ఫిబ్రవరి నుంచి 2019 అక్టోబరు దాకా, 20 నెలల్లో, ఉభయ గోదావరి, కృష్ణా జిల్లాల్లో 10 మంది చనిపోయారు. నిందితుడు ఏలూరు మనిషి. గుప్తనిధులు, రైస్ పుల్లింగ్ నాణెం అంటూ కొందరిని, జబ్బు నయం చేస్తానని కొందరిని నమ్మించి, ప్రసాదంలోనో మందులోనో సైనైడ్ కలిపి పెట్టి, డబ్బూ బంగారం పట్టుకుపోయాడని అభియోగం. మృతుల్లో అతని సొంత బంధువులు కూడా ఉన్నారు.

వాషింగ్టన్లో హంతకుడు ఉన్నాడని మొదటి రెండు రోజుల్లోనే ఊరందరికీ తెలిసింది. ఇక్కడ 20 నెలలు ఎవరికీ తెలియలేదు. ఎందుకంటే, సైనైడ్ ఒంట్లోకి వెళ్తే కణాలు ఆక్సిజన్ వాడుకోలేవు. నిమిషాల్లో మనిషి కుప్పకూలిపోతాడు. చూసేవాళ్ళకి అది గుండెపోటే. చాలా ఇళ్ళల్లో అలాగే అనుకుని దహనం చేసేశారు. మన భాషలో చెప్పాలంటే లాగ్ ఫైళ్ళన్నీ చెరిపేశాక బగ్ రిపోర్ట్ వచ్చిందన్నమాట. అదే 2019 అక్టోబరులో కేరళలో కూడత్తాయి సైనైడ్ కేసు బయటపడింది. 2002 నుంచి 2016 మధ్య ఒకే కుటుంబంలో, బంధువుల్లో ఆరు మరణాలు. అక్కడ శవాల్ని పూడ్చిపెట్టారు కాబట్టి ఏళ్ళ తరవాతైనా తవ్వి చూడగలిగారు. మనకి ఆ అవకాశం కూడా లేదు.

ఏలూరులో తీగ కదిలింది 2019 అక్టోబరు 16న ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు చనిపోయినప్పుడు. డబ్బూ నగలతో ఇంట్లోంచి బయల్దేరిన మనిషి చనిపోయాడు, అవి మాత్రం కనబడలేదు. ఇంట్లోవాళ్ళు "గుండెపోటేలే" అని ఊరుకోలేదు. అనుమానం ఉందన్నారు. ఫోన్ కాల్స్ వివరాలు పట్టుకుని వెళ్తే మిగతా డొంకంతా కదిలింది. అంటే ఈ కేసుని పట్టించింది ఏ టెక్నాలజీ కన్నా ముందు, ఒక కుటుంబం పట్టుదల.

మిగతా కుటుంబాల సంగతి ఆలోచించండి. పెద్దకర్మ అయిపోయింది, సంవత్సరీకం కూడా పెట్టేసి ఉంటారు. అప్పుడు పోలీసులొచ్చి "మీవాళ్ళది సహజ మరణం కాదు" అంటే? ఏడిచి తేరుకున్న దుఃఖాన్ని మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టాలి. పైగా వాషింగ్టన్ బాధితుల మీద జాలిపడ్డ లోకం వీళ్ళని మాత్రం "ఆశకి పోయారు, అనుభవించారు" అంది. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. మోకాళ్ళ నొప్పికి మందు అడగడం ఆశా? స్టాక్ మార్కెట్లో రాత్రికి రాత్రి రెట్టింపు కావాలనుకునే మనం, రైస్ పుల్లింగ్ ని నమ్మినవాడిని వెక్కిరించడం ఏం న్యాయం? మోసపోవడం నేరం కాదండీ.

స్నైపర్లలో పెద్దవాడికి 2009 నవంబరు 10న వర్జీనియాలో మరణశిక్ష అమలైంది. బాధితుల బంధువులు కొందరు వెళ్ళి చూశారు కూడా. బూడిదైపోయిన సాక్ష్యంతో మనవాళ్ళకి అంత స్పష్టమైన ముగింపు దొరకడం కష్టం.

మనం చెయ్యగలిగింది ఒకటుంది. ఊళ్ళో ఎవరైనా హఠాత్తుగా పోయి, వాళ్ళ దగ్గరుండాల్సిన డబ్బో నగలో కనబడకపోతే, "శవాన్ని కోయించడం ఎందుకు పాపం" అనే పెద్దల మాట ఆ ఒక్కసారికీ పక్కన పెట్టి, పోస్టుమార్టం అడగండి. ఫోన్లోనైనా సరే, ఇంట్లోవాళ్ళకి గట్టిగా చెప్పండి. రెండో మరణం దగ్గరే ఎవరైనా అడిగుంటే, మిగతా ఎనిమిది మందీ బతికుండేవాళ్ళేమో.