'టెంపర్' శబ్దార్థ విచారము

ఆంగ్లమున 'టెంపర్' అను పదమునకుఁ గోపమని యర్థము చెప్పుట మన పాఠశాలలలోఁ బరిపాటి. ఆ యర్థము తప్పు గాదు. కాని యది మిక్కిలి యర్వాచీనము. 1755వ సంవత్సరమున వెలువడిన జాన్సను పండితుని నిఘంటువులో విరుద్ధగుణముల తగుపాటి కలయిక యనునదే మొదటి యర్థము. మితత్వమును, లోహముల కాఠిన్యస్థితియుఁ దరువాత వచ్చును.

మూలము లాటినుభాషలోని 'టెంపెరారె'. తగుపాళ్లఁ గలుపుట, మితపఱచుట దాని భావము. గేలెను మొదలగు యవనవైద్యుల మతమున రక్తము, శ్లేష్మము, పీతపిత్తము, కృష్ణపిత్తము అను నాలుగు రసముల పాళ్లే మనుష్యుని స్వభావమునకుఁ గారణము. వాతపిత్తకఫముల నెఱిఁగిన మనకిది వింత గాదు. ఆ కలయికకే టెంపరని పేరు. పాళ్లు కుదిరిన మనస్సు శాంతము. కావుననే యాంగ్లేయుఁడు కోపించినపుడు టెంపరును 'పోఁగొట్టుకొనును', ఓర్చుకొన్నపుడు 'నిలుపుకొనును'. పోయినది శాంతమే కదా! షేక్స్పియరు నాటకమున లియరు రాజు తనకు మతి చలింపకుండఁ దన్ను టెంపరులో నుంచుమని దైవమును వేఁడుటయు నీ యర్థముననే. 'చెడ్డ టెంపరు' వంటి ప్రయోగములలో విశేషణము క్రమముగా జాఱిపోయి, పందొమ్మిదవ శతాబ్దిలో విశేష్య మొక్కటియే కోపమును దెలుపఁజొచ్చెను.

కొలిమిలోను నిట్టి వైపరీత్యమే కలదు. ఒథెల్లో నాటకమున ఖడ్గమునకుఁ జెప్పిన టెంపరు చల్లని యేటినీటఁ గలిగిన కాఠిన్యము. నేఁటి లోహశాస్త్రజ్ఞులో, కాఁగిన యుక్కును నీటనో నూనెనో ముంచి గట్టిపఱచుటకు వేఱు పేరు పెట్టిరి. అట్లు గట్టిపడిన యుక్కు పెళుసు. దానిని మరల మితముగా వేఁడిచేసి పెళుసుదనము తగ్గించుటకే టెంపరింగను పేరు నిలిపిరి. అందుఁ గాఠిన్యము కొంత తగ్గును, చేవ పెరుగును. ఇదియే ధాత్వర్థమునకు సన్నిహితము. ఫ్రెంచిభాషలోని సోదరపదము మాత్రము నీట ముంచుటయందే నిలిచినది.

తెలుఁగున దీనికి దగ్గఱి మాట 'పదను'. కత్తికిఁ బదను, తోలునకుఁ బదను, దుక్కికిఁ బదను. కన్నడమున 'హద', తమిళమున 'పదం' దీని జ్ఞాతులు. తగిన స్థితి యనుటయే యన్నిటికిఁ బ్రాణము. ఆంగ్లపదము వైద్యుని వెంట మనస్సులోనికిఁ బోయినది. మన పదను కమ్మరి వెంటను, కాఁపు వెంటను నిలిచినది. బుద్ధికిఁ బదనందుము గాని స్వభావమునకనము. కనుక నుక్కు విషయమునఁ బదనును, మనస్సు విషయమున సందర్భము ననుసరించి ప్రకృతి, నిబ్బరము, కోపము అను వానిలో నొకదానిని వాడవలసియుండును. కోపమను నొక్క యర్థమునే నేర్చిన బాలుఁడు, టెంపరును నిలుపుకొన్నవానిని గోపము విడువనివానిగాఁ దెనిఁగించును.