ఫ్యాక్టరీ: సూరత్ చరిత్రలో ఒకే మాటకు ఎన్ని అర్థాలు?

"ఆంగ్లేయులు 1613లో సూరత్‌లో ఫ్యాక్టరీ స్థాపించారు." ఈ వాక్యాన్ని చదవని అభ్యర్థి ఉండరు. మరి ఆ ఫ్యాక్టరీలో ఏం తయారయ్యేది? ఈ ప్రశ్న వేస్తే చాలామంది ఆగిపోతారు. నిజానికి అక్కడ ఏ వస్తువూ తయారయ్యేది కాదు. మెయిన్స్ జవాబులో దాన్ని "కర్మాగారం" అని రాస్తే 17వ శతాబ్దపు వాణిజ్యం మనకు అర్థం కాలేదని మనమే చెప్పుకున్నట్టు. ఈ ఒక్క మాట నాలుగు శతాబ్దాల్లో ఎలా మారిందో చూస్తే వలస పాలన చరిత్ర, కార్మిక చట్టాల చరిత్ర రెండూ ఒకే దారిలో కనిపిస్తాయి.

1. ఫాక్టర్ ఉండే చోటు

ఈ మాటకు మూలం లాటిన్‌లో "చేయడం" అనే అర్థమున్న ధాతువు. దాని నుంచి వచ్చిన "ఫాక్టర్" అంటే యజమాని తరఫున పని చక్కబెట్టేవాడు, అంటే వర్తక ప్రతినిధి. అతడు ఉండే చోటు ఫ్యాక్టరీ. పోర్చుగీసువారు దీన్నే "ఫెయిటోరియా" అన్నారు. మనం లెక్కల్లో చదివే ఫాక్టర్ కూడా ఈ కుటుంబానిదే. తెలుగులో దాన్ని "కారణాంకం" అంటాం. అందులోని "కారణం" కూడా "చేయడం" అనే అర్థమున్న సంస్కృత ధాతువు నుంచే వచ్చింది.

విలియం హాకిన్స్ 1608లో హెక్టర్ ఓడలో సూరత్ చేరాడు. జహంగీర్ దర్బారుకు వెళ్లినా పోర్చుగీసువారి ఒత్తిడి వల్ల శాశ్వత అనుమతి దక్కలేదు. 1612 చివర్లో సువాలీ వద్ద థామస్ బెస్ట్ పోర్చుగీసు నౌకలను ఎదుర్కొని నిలిచాక పరిస్థితి మారింది. 1613లో మొగలుల ఫర్మానాతో సూరత్ ఫ్యాక్టరీ స్థిరపడింది. అంతకు ముందే, 1611లో, మన మచిలీపట్నంలో కంపెనీ వర్తకం మొదలైంది. 1632లో గోల్కొండ సుల్తాన్ ఇచ్చిన "బంగారు ఫర్మానా" ప్రకారం ఏటా 500 పగోడాలు కట్టి గోల్కొండ రేవుల్లో స్వేచ్ఛగా వర్తకం చేసుకునే వీలు దొరికింది.

ఫ్యాక్టరీ అంటే గిడ్డంగి, కార్యాలయం, ఉద్యోగుల నివాసం అన్నీ కలిసిన కట్టడం. బట్ట నేసేది మాత్రం ఊళ్లలో, ఇళ్లలో. దళారుల ద్వారా నేతగాళ్లకు బయానా ఇచ్చి, సరుకు సేకరించి, ఓడలు వచ్చేవరకు నిల్వ చేసేవారు. ఏడాదికోసారి గాలులను బట్టి వచ్చే ఓడల కోసం సరుకు ముందే సిద్ధంగా ఉండాలి. ఫ్యాక్టరీ అవసరం పుట్టింది అందుకే.

ఇక్కడ ఒక పోలిక గుర్తుంచుకోవాలి. అదే కాలంలో మొగల్ చక్రవర్తుల "కార్ఖానా"ల్లో నిజంగా వస్తువులు తయారయ్యేవి. అంటే అప్పటి కార్ఖానా ఉత్పత్తి స్థలం, ఫ్యాక్టరీ వర్తక స్థలం. నేటి తెలుగులో ఈ రెండు మాటలనూ ఒకే అర్థంలో వాడుతున్నాం.

2. వర్తక స్థావరం నుంచి పాలన దాకా

కంపెనీ ఉద్యోగుల్లో రైటర్, ఫాక్టర్, జూనియర్ మర్చంట్, సీనియర్ మర్చంట్ అనే హోదాలు ఉండేవి. వీరి పైన ప్రెసిడెంటు. అతని అధికార పరిధి నుంచే "ప్రెసిడెన్సీ" అనే మాట వచ్చింది. తర్వాత మద్రాసు, బొంబాయి, బెంగాల్ ప్రెసిడెన్సీలు పాలనా విభాగాలుగా మారాయి. సైనికులు కాని ఈ వర్తక ఉద్యోగులను వేరుచేసి చెప్పడానికే "సివిల్" అనే విశేషణం స్థిరపడింది. మనం సిద్ధమవుతున్న సివిల్ సర్వీస్ వంశవృక్షంలో సూరత్ ఫాక్టర్ కూడా ఉన్నాడు.

1664లో శివాజీ సూరత్‌పై దాడి చేసినప్పుడు ప్రెసిడెంటు జార్జ్ ఆక్సెండెన్ ఫ్యాక్టరీని కాపాడుకున్నాడు. 1670లో నగరంపై రెండో దాడి జరిగింది. గోడలు, తుపాకులు లేని వర్తకం భద్రం కాదన్న వాదనకు ఇలాంటి ఘటనలు బలమిచ్చాయి. 1668లో కంపెనీ చేతికి వచ్చిన బొంబాయికి 1687లో పశ్చిమ తీరపు ప్రధాన కేంద్రం తరలిపోయింది. 1759లో సూరత్ కోట, 1800లో నగర పాలన పూర్తిగా కంపెనీ వశమయ్యాయి. అనుమతి అడిగి చోటు సంపాదించినవారు అనుమతులు ఇచ్చే స్థానానికి చేరారు.

3. మాట మారింది, మనిషి లోపలికి వచ్చాడు

ఇంగ్లండులో వస్తువులు తయారుచేసే చోటును "మాన్యుఫాక్టరీ" అనేవారు. అందులోని మొదటి భాగానికి అర్థం "చేయి". పారిశ్రామిక విప్లవంతో ఆవిరి యంత్రం వచ్చింది. ఆ పొడవాటి మాట పొట్టిదై ఫ్యాక్టరీగా మిగిలింది. మాటలోంచి "చేయి" జారిపోయిన కాలంలోనే పనిలోంచి చేతి నైపుణ్యమూ జారిపోవడం గమనించదగ్గది. పాత ఫ్యాక్టరీలో సరుకు లోపల, పనివాడు బయట ఉండేవారు. కొత్త ఫ్యాక్టరీ పనివాణ్ణి కూడా లోపలికి తెచ్చి, గంట కొట్టి పని చేయించింది.

భారత్‌లో బొంబాయిలో 1850లలో, అహ్మదాబాద్‌లో 1861లో నూలు మిల్లులు పని మొదలుపెట్టాయి. దాంతో మాటకు మూడో అర్థం అవసరమైంది. అదే చట్టం చెప్పే అర్థం.

4. చట్టంలో ఫ్యాక్టరీ అంటే ఒక అంకె

రిప్పన్ కాలపు 1881 చట్టం యంత్రశక్తితో నడుస్తూ 100 మంది పనిచేసే చోట్లకు వర్తించింది. 1891లో ఆ సంఖ్య 50కి తగ్గింది. స్వతంత్ర భారతంలో 1948 ఫ్యాక్టరీల చట్టం విద్యుత్తు వాడితే 10 మంది, వాడకపోతే 20 మంది అని నిర్వచించింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఈ సంఖ్యలను 20కి, 40కి పెంచింది.

పరీక్ష కోసం ఈ అంకెలు గుర్తుంచుకుంటాం. కార్మికుడికి ఆ అంకెలోనే జీవితం ఉంది. 1948 చట్టం కింద ఫ్యాక్టరీ అయితే రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటల పరిమితి, వారాంతపు సెలవు, అదనపు పనికి రెట్టింపు వేతనం ఉండేవి. ఫ్యాక్టరీ కాకపోతే ఆ చట్టం రక్షణ ఉండేది కాదు.

5. సూరత్‌లో తెలుగు మగ్గం

నేటి సూరత్ కృత్రిమ నూలు వస్త్రాలకు దేశంలోనే పెద్ద కేంద్రం. అక్కడి మరమగ్గాలపై ఒడిశా, ఉత్తరప్రదేశ్ వలస కార్మికులతో పాటు తెలుగువారూ ఉన్నారు. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడిపింది.

ఈ మరమగ్గాల షెడ్లలో 12 గంటల షిఫ్టులు మామూలు. ఒకే కప్పు కింద నడిచే మగ్గాలను కాగితాల మీద వేర్వేరు పేర్లతో చిన్న యూనిట్లుగా చీల్చడం, ఫ్యాక్టరీగా కాక దుకాణాలు, సంస్థల చట్టం కింద నమోదు చేయడం పరిశోధకులు గుర్తించిన పద్ధతి. దక్షిణ గుజరాత్ శ్రామికులపై దశాబ్దాల పాటు అధ్యయనం చేసిన డచ్ సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రెమన్ ఈ అసంఘటిత పని తీరును వివరంగా నమోదు చేశారు.

దీనికి మరో కోణమూ ఉంది. చిన్న యూనిట్లకు నియంత్రణ భారం తగ్గితే అవి ఎదిగి, ఉపాధి పెరుగుతుందని సంఖ్య పెంచాలనేవారి వాదన. 2020 కోడ్‌లోని సాధారణ నిబంధనలు 10 మంది ఉన్న సంస్థలకూ వర్తిస్తాయని వారు గుర్తుచేస్తారు. అయితే గీత ఎక్కడ గీసినా దాని కిందికి ఒదిగే ప్రయత్నం ఆగదు. కాబట్టి నిర్వచనంతో పాటు తనిఖీ, నమోదు కూడా గట్టిగా ఉండాలి.

ముగింపు

1613లో సూరత్‌లో ఏమీ తయారుచేయని చోటును ఫ్యాక్టరీ అన్నారు. నేడు అదే నగరంలో పగలూ రాత్రీ బట్ట నేసే షెడ్డు కాగితం మీద ఫ్యాక్టరీ కాకపోవచ్చు. రెండు సందర్భాల్లోనూ నేతగాడు ఆ మాటకు బయటే ఉన్నాడు. ఒక పదాన్ని ఎవరు నిర్వచిస్తున్నారు, దాని వల్ల ఎవరు లోపలికి వస్తున్నారు, ఎవరు బయట మిగులుతున్నారు అని అడగడం చరిత్ర జవాబుకూ, పాలనా జవాబుకూ పనికొచ్చే అలవాటు.

సాధన ప్రశ్న: "17వ శతాబ్దపు ఐరోపా ఫ్యాక్టరీకి, 19వ శతాబ్దపు యంత్ర ఫ్యాక్టరీకి మధ్య తేడాలను ఉత్పత్తి, శ్రమ, రాజ్యాధికారం అనే మూడు కోణాల్లో చర్చించండి." (250 పదాలు)